పది రోజుల మనవరాలికి నా నమ్మకాలు, ఆశలు అందించడం ఎలా? చెప్పాలా, రాయాలా, దాచాలా?

కొత్త_తాతయ్య:

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టి పది రోజులైంది. నాకు డెబ్బై రెండు. పిల్లకి ఊహ తెలిసేనాటికి నేను ఉంటానో ఉండనో. దేవుడి గురించి, చావు పుట్టుకల గురించి, ఎలా బతకాలన్నదాని గురించి ఇన్నేళ్ళలో నాకంటూ కొన్ని నమ్మకాలు కుదిరాయి. ఆ పిల్ల మీద కొన్ని ఆశలూ ఉన్నాయి. అవి తనకి అందాలి. నాది ఏ మతం అన్నది పక్కన పెట్టండి, పద్ధతి చెబితే చాలు.

అడగదలచుకున్నవి: ఇప్పుడు ఒళ్ళో పెట్టుకుని చెబితే పిల్లకేమైనా అందుతుందా, లేక అది నా తృప్తి కోసమేనా? ఉత్తరం రాస్తే ఒకటి చాలా? పద్దెనిమిదేళ్ళు నిండాక తెరవమని సీలు వేసి ఇద్దామనుకుంటున్నాను, మంచిదేనా? కాగితం అన్నాళ్ళు నిలుస్తుందా, గొంతు రికార్డు చేయడం మేలా? ఇంకోటి, అల్లుడుగారికి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. గొడవ పడే మనిషి కాదు గానీ ఆయనకి నచ్చదు. మధ్యలో అమ్మాయి నలిగిపోకూడదు.

ఊయల_పక్కన:

తాతయ్యగారూ, మనవరాలికి ఆశీస్సులు. మొదటి ప్రశ్న ఒక్కటే నేను తీసుకుంటాను.

ఈ వయసులో అర్థం అందదు. గొంతు, లయ మాత్రం అందుతాయి. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగంలో, పుట్టి మూడు రోజులు కూడా దాటని పిల్లలు పాలపీక చప్పరించే తీరు మార్చుకుని మరీ వేరే ఆడవాళ్ళ గొంతుకన్నా తల్లి గొంతే ఎక్కువసేపు వినిపించేలా చేసుకున్నారు. 1986లో డికాస్పర్, స్పెన్స్ ఇంకో మెట్టు ఎక్కారు. నెలలు నిండబోయే ముందు చివరి ఆరు వారాలు తల్లులు ఒకే కథాభాగాన్ని రోజుకి రెండుసార్లు పైకి చదివారు. పుట్టాక పిల్లలు కొత్త భాగం కన్నా అదే భాగాన్ని ఇష్టపడ్డారు. మాటలు తెలిసి కాదు, వాటి నడక తెలిసి. తండ్రి గొంతుకి మాత్రం అప్పుడే పుట్టిన పిల్లలు అలాంటి మొగ్గు చూపలేదు. కాబట్టి తాత గొంతు పరిచయం కావడానికి కొన్ని వారాలు పడుతుంది, నిరుత్సాహపడకండి.

ఎప్పుడు చెప్పాలి? పాలు తాగి, త్రేన్పు వచ్చి, కళ్ళు విప్పార్చి, కాళ్ళూ చేతులూ ఆడించకుండా నిమ్మళంగా చూస్తూ ఉంటారే, అప్పుడు. మొదటి వారాల్లో అలాంటి సమయం ఒక్కో విడతకి కొన్ని నిమిషాలే దొరుకుతుంది. ఆకలి వేళ, నిద్ర ముంచుకొచ్చే వేళ ఎంత గొప్ప మాట చెప్పినా చెవికెక్కదు.

ఎలా? మోచేతి వంపులో పడుకోబెట్టుకుంటే పిల్ల ముఖానికీ మీ ముఖానికీ మధ్య 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వస్తుంది. అప్పుడే పుట్టిన పిల్లలకి కాస్త తేటగా కనిపించే దూరం అదే. మీరు కిటికీకి ఎదురుగా కూర్చోండి, వెలుగు మీ ముఖం మీద పడుతుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే పిల్లకి వెలుగులో నల్లటి ఆకారమే కనిపిస్తుంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పే అలవాటుంటే మానేయండి. 30 సెంటీమీటర్ల నుంచి 3 సెంటీమీటర్లకి దగ్గరైతే అదే గొంతు చెవి దగ్గర సుమారు 20 డెసిబెల్స్ పెరుగుతుంది. మీకు మామూలుగా అనిపించే మాట దానికి అరుపు.

ఏం చెప్పాలి? నాలుగు పంక్తులు చాలు. మొదటిది పేరు పెట్టి పిలవడం, మిగతా మూడు మీ ఇష్టం: ప్రార్థనో, దీవెనో, మీరు రోజూ మనసులో అనుకునే మాటో. రోజూ అవే పంక్తులు, అదే వరస, అదే స్వరం. ఇవాళ ఒకటి రేపొకటి చెబితే లయ కుదరదు. పాడగలిగితే ఇంకా మేలు. ఏడు నుంచి పది నెలల పిల్లల మీద 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో, మాటలు వినిపించినప్పటికన్నా పాట వినిపించినప్పుడు దాదాపు రెట్టింపు సేపు ఏడవకుండా ఉన్నారు. శ్రుతి తప్పినా పిల్ల పట్టించుకోదు, ఇంట్లో పెద్దవాళ్ళే పట్టించుకుంటారు.

ఎప్పుడు ఆపాలి? ముఖం పక్కకి తిప్పేసుకోవడం, ఆవులింతలు, ఎక్కిళ్ళు, వేళ్ళు విడివిడిగా చాచడం, వీపు విల్లులా వంచడం. వీటిలో ఏది కనబడినా ఆ రోజుకి అయిపోయినట్టే. చాలామంది పెద్దలు చేసే పొరపాటు, పిల్ల ముఖం తిప్పుకుంటే అటువైపు వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టడం. అలా చేస్తే ఏడుపే.

జాగ్రత్తలు కొన్ని, కటువుగా చెబుతున్నా ఏమీ అనుకోకండి. ఎత్తుకునే ముందు సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కోండి. దగ్గు, జలుబు ఉంటే ఆ రోజుకి దూరం నుంచే. పెదవి మీద నీటి పొక్కులుంటే ముద్దు పెట్టనే వద్దు, ఆ హెర్పిస్ వైరస్ ఇంత పసిపిల్లలకి ప్రాణం మీదికి తెస్తుంది. కోరింత దగ్గు టీకా మీరు వేయించుకోవడం గురించి మీ డాక్టర్ని అడగండి. అది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. ఏ విశ్వాసంలోదైనా సరే, దీవెన పేరుతో నోట్లో ఏదీ పెట్టకండి. మొదటి ఆరు నెలలు పాలు తప్ప ఏమీ వద్దు, తేనె ఏడాది నిండేదాకా వద్దు (బొటులిజం అనే ప్రాణాంతక విషబాధ వచ్చే ప్రమాదం). మెడలో తాడు, పూసలు, తాయెత్తు ఏది వేసినా నిద్రపుచ్చే ముందు తీసేయాలి, అవి గొంతుకి బిగుసుకునే ప్రమాదం ఉంది. ఊయల్లో పుస్తకం, బొమ్మ, గుడ్డ కూడా పెట్టకండి. పిల్ల పడుకునే గదిలో పొగ వద్దు, పవిత్రమైన పొగైనా ఊపిరితిత్తులకి పొగే.

పాతకాగితం:

నిలవడం గురించి నేను చెబుతాను.

చేతిరాత, గొంతు రెండూ ఉండాలి. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని మాత్రమే కాదు, రెండింటిలో అందేవి వేరు. అక్షరాల్లో మీ ఆలోచన ఉంటుంది. గొంతులో మీరు ఎక్కడ ఆగారో, ఎక్కడ నవ్వారో ఉంటుంది.

కాగితం: ఆమ్లం లేనిది కొనండి. అట్ట మీద ఐఎస్ఓ 9706 అని ఉంటే నమ్మొచ్చు, అది ఎక్కువకాలం నిలిచే కాగితానికి ఉన్న ప్రమాణం. మామూలు నోటుబుక్కు కాగితం పసుపెక్కి అంచుల్లో విరగడం మొదలవుతుంది. సిరా విషయంలో 'పిగ్మెంట్' (నీటిలో కరగని రంగుపొడి) అని రాసి ఉన్న పెన్ను తీసుకోండి. చాలా బాల్‌పెన్నుల్లో రంగు వెలుతురుకి వెలిసిపోతుంది, తడి తగిలితే కొన్ని జెల్ పెన్నులు పారిపోతాయి. పరీక్ష సులువే: ఒక ముక్క మీద రాసి, సగం అట్టతో కప్పి, రెండు నెలలు ఎండ తగిలే కిటికీలో పెట్టి చూడండి. రెండు సగాలకీ తేడా వస్తే ఆ పెన్ను వద్దు.

ఒక వైపే రాయండి, చుట్టూ రెండున్నర సెంటీమీటర్ల మార్జిను వదలండి. అంచులే ముందు పాడవుతాయి. ప్రతి పేజీ మీదా తేదీ, పేజీ నంబరు ఉండాలి. ఇరవై ఏళ్ళకి పేజీలు విడిపోతే వరస కూర్చడానికి అదే దిక్కు. కాగితాల్ని మడవకుండా పెట్టగలిగే కవరు చూడండి, మడత దగ్గరే ముందు చిరుగుతుంది.

లామినేషన్ చేయించకండి. వేడితో అంటించిన ప్లాస్టిక్‌ని మళ్ళీ విడదీయలేం, లోపల కాగితం చెడితే చూస్తూ ఊరుకోవడమే. సెల్లోటేపు, స్టేప్లరు పిన్ను, రబ్బరు బ్యాండు కూడా వద్దు. టేపు జిగురు మరకవుతుంది, పిన్ను తుప్పు పడుతుంది, రబ్బరు కరిగి అంటుకుంటుంది. పీవీసీ కవరు కొన్నేళ్ళకి జిగటెక్కి సిరాని లాగేస్తుంది. పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవరు వాడండి. చీకటిగా, పొడిగా ఉండే బీరువా మధ్య అర మేలు. గాలిలో తేమ 65 శాతం దాటి ఎక్కువ రోజులు ఉంటే బూజు పడుతుంది, కాబట్టి స్నానాలగది గోడకి ఆనుకుని ఉన్న బీరువా వద్దు.

రికార్డింగు: ఫోను చాలు. ఫ్యాను, ఏసీ ఆపండి. పరుపు, పరదాలు, బట్టలు ఉన్న గదిలో కూర్చుంటే ప్రతిధ్వని తగ్గుతుంది. ఖాళీ హాలులో గొంతు డప్పులా మోగుతుంది. ఫోను నోటికి 15–20 సెంటీమీటర్ల దూరంలో, కాస్త పక్కకి పెట్టండి. ఎదురుగా పెడితే 'ప', 'ఫ', 'భ' పలికినప్పుడు గాలి కొట్టి టపటపమంటుంది. ఫ్లైట్ మోడ్ మరవకండి. మొదట పది సెకన్లు మాట్లాడకుండా వదలండి, తర్వాత ఎవరైనా శబ్దం శుభ్రం చేయాలంటే ఆ ముక్క పనికొస్తుంది. ఒక్కో రికార్డింగు పది నిమిషాలు మించకుండా, ఒక్కో విషయానికి ఒక్కో ఫైలు.

డబ్ల్యూఏవీ (శబ్దాన్ని కుదించకుండా దాచే) రకం ఫైలు ఉంచుకోండి. రికార్డింగు సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో అని పెడితే నిమిషానికి సుమారు 8.6 ఎంబీ చొప్పున, పది నిమిషాలకి 86 ఎంబీ అవుతుంది. పిల్ల తల్లిదండ్రులకి వాట్సాప్‌లో పంపితే వాయిస్ మెసేజ్‌గా కాదు, డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే నాణ్యత కోసేస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఇంట్లో. పెన్ డ్రైవ్‌లో పెట్టి పద్దెనిమిదేళ్ళు బీరువాలో పడేస్తే అది చచ్చిపోవచ్చు. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి ఉంటే అందులోని సమాచారం మెల్లగా చెదిరిపోతుంది. ఏడాదికోసారి, ఉదాహరణకి పిల్ల పుట్టినరోజున, తెరిచి విని చూడమని ఎవరికైనా అప్పగించండి.

ఇంకొక్కటి. ఉత్తరం కంప్యూటర్లో టైపు చేయిస్తే యూనికోడ్ తెలుగులోనే చేయించండి. పాత డీటీపీ ఫాంట్లలో చేయించిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంకాని గుర్తుల గుంపు కనబడుతుంది. చివరికి పీడీఎఫ్-ఏ రకంలో దాచండి. అందులో ఫాంటు ఫైలు లోపలే ఉంటుంది.

బడి_గంట:

ఉత్తరం సంగతికి వస్తాను. అసలు కష్టం ఇక్కడే ఉంది. కాగితం నిలిచినా మాట నిలవకపోతే లాభమేంటి?

ఒక్క ఉత్తరంలో అన్నీ కుక్కకండి. వయసుకి తగ్గట్టు నాలుగు రాయండి. మొదటిది ఇప్పటిది: పుట్టిన రోజు వాతావరణం, గదిలో ఎవరున్నారు, మీకు మొదట ఏమనిపించింది. నమ్మకాల బరువు దీనిలో పెట్టకండి, ఒక్క పేజీ. రెండోది ఆరేడేళ్ళ వయసులో ఎవరో ఒకరు చదివి వినిపించడానికి, అరపేజీ. మూడోది పన్నెండు పదమూడుకి, 'ఎందుకు' అని అడిగే వయసుకి. నాలుగోది పెద్దయ్యాక చదవడానికి, మీ సందేహాలతో సహా. ఏ4 కాగితం ఒక వైపు చేతిరాతలో నూట యాభై మాటలకి అటూ ఇటూ పడతాయి. నాలుగూ కలిపి ఎనిమిది పేజీలు దాటితే ఎక్కడో ఉపన్యాసం దూరిందని అర్థం.

రెండో ఉత్తరంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. అమెరికా మతశాస్త్ర పండితుడు జేమ్స్ ఫౌలర్ 1981లో విశ్వాసం ఎదిగే దశల్ని వివరిస్తూ, మూడు నుంచి ఏడేళ్ళ వరకు పిల్లలు నమ్మకాల్ని మనసులో బొమ్మలుగా పట్టుకుంటారని, తర్కంతో వాటిని అదుపు చేసుకోలేరని చెప్పాడు. మనం మాటవరసకి అనేవి వాళ్ళకి మాటవరస కాదు. 'తప్పు, కళ్ళు పోతాయి' అంటే ఆ పిల్ల నిజంగా కళ్ళు తడుముకుంటుంది. 'దేవుడు చూస్తూనే ఉంటాడు' అన్నది మీకు ధైర్యం, ఐదేళ్ళ పిల్లకి కాపలా. చావు గురించి 'నిద్రపోయారు' అని రాస్తే పడుకోవడానికి భయపడే పిల్లలున్నారు. 'ఊరెళ్ళారు' అంటే ఎప్పుడొస్తారని రోజూ అడుగుతారు. చనిపోతే ఇక తిరిగి రారనీ, అది అందరికీ ఉంటుందనీ, అప్పుడు శరీరం పనిచేయదనీ చాలామంది పిల్లలకి ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య తెలిసొస్తుంది. అందుకని ముందు నిజం: 'తాతయ్య చనిపోయాడు, ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది.' ఆ తర్వాత మీ నమ్మకం: 'ఆ పైన ఏముంటుందో ఎవరికీ చూపించడం కుదరదు. నేను మాత్రం ఇలా నమ్ముతాను...' ఈ వరస తిరగేయకండి.

ప్రతి నమ్మకానికీ నాలుగు వాక్యాల కొలత పెట్టుకోండి. ఏం నమ్ముతాను. అది నాకు ఎక్కడ దొరికింది. దాని వల్ల నేను రోజూ ఏం చేస్తాను. దాని మీద నాకు ఎక్కడ అనుమానం వస్తుంది. మూడో వాక్యం రాయలేకపోతే ఆ నమ్మకాన్ని ఉత్తరంలోంచి తీసేయండి. అది మీరు విన్నదే గానీ మీరు బతికింది కాదు. నాలుగోది వదిలేయాలనిపిస్తుంది, వదలకండి. పదిహేనేళ్ళ పిల్లకి మొదట నచ్చేది ఆ వాక్యమే.

ఇప్పుడు ఆశలు. మన భాషలో ఒక చిక్కుంది. 'ఆలి' అనే తోక దీవెనకీ వాడతాం, ఆజ్ఞకీ వాడతాం. 'నువ్వు చల్లగా ఉండాలి' దీవెన. 'నువ్వు రోజూ ప్రార్థన చేయాలి' ఆజ్ఞ. ఉండడం మీద 'ఆలి' పడితే చల్లగా ఉంటుంది, చేయడం మీద పడితే బరువవుతుంది. రాశాక ఎర్ర పెన్ను తీసుకుని ప్రతి 'ఆలి' చుట్టూ సున్నా చుట్టండి. చేయడం మీద ఉన్నవన్నీ మీ గురించిన వాక్యాలుగా మార్చండి: 'నేను రోజూ చేస్తాను, నాకు ఇలా పనికొచ్చింది.' డాక్టరు కావాలి, ఫలానా ఊళ్ళో ఉండాలి లాంటివి అసలే వద్దు. గుణాల మీద ఆశ పెట్టండి, గమ్యాల మీద కాదు.

రాయకూడనివి: ఆస్తి సంగతులు, చుట్టాల తగాదాలు, 'మగపిల్లాడనుకున్నాం' లాంటి మాట తమాషాగానైనా, ఇంకో మనవడితో పోలిక. రేపు ఇంకో మనవడో మనవరాలో పుడితే వాళ్ళకీ ఇన్ని పేజీలే రాయగలరా అని ఇప్పుడే ఆలోచించుకోండి.

ఒకేసారి కూర్చుంటే కలం కదలదు. ఐదు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, రోజుకో ప్రశ్న: నాకు చాలా భయం వేసినప్పుడు దేన్ని పట్టుకున్నాను? నా మనసు మార్చుకున్న నమ్మకం ఏది? ఎవరి దగ్గర నేర్చుకున్నాను? ఎవరిని క్షమించడం కష్టమైంది? ఏ వేళ మనసు నిండుగా ఉంటుంది? ముందు ఫోనులో మాట్లాడండి, తర్వాత విని రాసుకోండి. మాట్లాడినప్పుడు మీ వాక్యం వస్తుంది, నేరుగా రాస్తే పుస్తకంలో వాక్యం వస్తుంది.

పద్దెనిమిదేళ్ళ సీలు నాకు నచ్చదు. లోపల ఏముందో తెలియని తల్లిదండ్రులకి అది గుబులు. తెరిచేసరికి సందేహం అడుగుదామంటే మీరుండకపోవచ్చు. పైగా ఇన్నేళ్ళు దాచిన కవరులో ఏ గుప్తనిధో ఉందని పిల్ల ఎదురుచూస్తుంది. లోపల ఉండేది రెండు పేజీల మంచిమాట.

ఇద్దరి_మధ్య:

బడి_గంట గారితో దాదాపు అన్నిట్లో ఏకీభవిస్తాను, సీలు దగ్గర తప్ప. నాలుగో ఉత్తరానికి సీలు ఉండొచ్చు. పన్నెండేళ్ళకే చదివేస్తే అందులోని అనుమానాలు వేరేగా దిగుతాయి. కాకపోతే షరతు ఒకటి: అంటించే ముందు తల్లిదండ్రులిద్దరూ చదివి ఉండాలి. పిల్లకి సీలు, పెద్దలకి కాదు.

అల్లుడుగారి విషయం. ముందు మీ హద్దులు తెలుసుకోండి. ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం, 14వ అధికరణం, ఆలోచన, అంతరాత్మ, మతం విషయాల్లో స్వేచ్ఛ పిల్లలదే అంటుంది. ఎదిగే శక్తిని బట్టి దారి చూపే హక్కూ బాధ్యతా తల్లిదండ్రులవి అంటుంది. అందులో తాతల ప్రస్తావన లేదు. అంటే మీరు అతిథి, ప్రేమగల అతిథి.

ఇంకో సంగతి కూడా మీకు పనికొస్తుంది. వెర్న్ బెంగ్ట్‌సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లో అమెరికాలో మొదలుపెట్టి దశాబ్దాల పాటు తరాల వెంట నడిపిన అధ్యయనంలో, విశ్వాసం తర్వాతి తరానికి అందడంలో తల్లిదండ్రులతో, ముఖ్యంగా తండ్రితో, పిల్లలకున్న దగ్గరితనమే పెద్ద పాత్ర పోషించిందని తేలింది. అల్లుడుగారికీ పిల్లకీ మధ్య మీ నమ్మకం అడ్డుగోడైతే చివరికి నష్టపోయేది ఆ నమ్మకమే.

అందుకని మాట్లాడేటప్పుడు అమ్మాయి ద్వారా కబురు పంపకండి. ఇద్దరినీ కూర్చోబెట్టుకుని మీరే చెప్పండి: 'బాబూ, నేను నమ్మేవాటి గురించి పాపకి ఉత్తరాలు రాస్తున్నాను. ఇచ్చేముందు మీరిద్దరూ చదవండి. ఇబ్బందిగా ఉన్న మాట ఉంటే చెప్పండి, మారుస్తాను.' అక్కడ ఆగిపోండి. 'మీకు నమ్మకం లేదని నాకు తెలుసు గానీ' అని మొదలుపెడితే పని చెడుతుంది.

ఆ రోజే మూడు విషయాలు తేల్చుకోండి. ఒకటి, పిల్ల ముందు మీరు పైకి ప్రార్థించడం వాళ్ళకి సరేనా. రెండు, పిల్ల ఒంటి మీదా పేరు మీదా జరిగే ఏ క్రతువైనా ఎవరి నిర్ణయం (జవాబు: వాళ్ళిద్దరిదీ). ప్రార్థనాస్థలానికి తీసుకెళ్ళడం కూడా ఇందులోదే. మూడు, పిల్ల పెద్దయ్యాక 'నాన్న ఎందుకు దణ్ణం పెట్టుకోడు?' అంటే మీరేం చెబుతారు. దీనికి జవాబు ఇప్పుడే తయారు చేసి పెట్టుకోండి: 'నాన్ననే అడుగమ్మా, ఆయన చెబుతారు. నేనెందుకు పెట్టుకుంటానో కావాలంటే నేను చెబుతాను.' 'మీ నాన్నకి తెలీదులే' అన్న మాట ఒక్కసారి నోరు జారినా చాలు, అది ఇంటికి వెళ్ళి తీరుతుంది.

చాటుగా ఏదీ చేయకండి. వాళ్ళు బయటికెళ్ళినప్పుడు చేసిన చిన్న క్రతువైనా, బయటపడిన రోజున పిల్లని మీ దగ్గర ఒంటరిగా వదలడం మానేస్తారు. ఒకవేళ ఇద్దరూ ఉత్తరమే వద్దంటే? రాసి మీ దగ్గరే ఉంచుకోండి, ఎక్కడుందో అమ్మాయికి చెప్పండి. పిల్ల ఎప్పుడో ఒకరోజు అడుగుతుంది, అప్పుడు ఇవ్వడమా మానడమా వాళ్ళిష్టం.

కొత్త_తాతయ్య:

అందరికీ కృతజ్ఞతలు. అల్లుడుగారితో మాట్లాడాను, చదివాక చెబుతానన్నారు. రెండో ఉత్తరానికి, అంటే ఆరేడేళ్ళప్పటికి, చిత్తుప్రతి ఇది. దయచేసి కోసేయండి:

'చిట్టితల్లీ, నువ్వు రోజూ దేవుణ్ణి తలుచుకోవాలి. అబద్ధం ఆడితే ఆయన చూస్తాడు. మన ఇంటి పరువు నిలబెట్టాలి. నేను పోయాక కూడా పైనుంచి నిన్ను చూస్తూనే ఉంటాను. ఎవరు ఏమన్నా నీ తాత మాట మరిచిపోకు.'

ఇంకో అనుమానం. రేపు వాళ్ళు ఎక్కడ ఉంటారో, పిల్లకి తెలుగు చదవడం వస్తుందో రాదో తెలియదు. అప్పుడెలా?

బడి_గంట:

కోసేయమన్నారు కాబట్టి కోస్తున్నాను.

మొదటి వాక్యం ఆజ్ఞ. రెండోది కాపలా. మూడోదాంట్లో పరువు అంటే ఏంటో, ఏం చేస్తే నిలబడుతుందో పిల్లకి తెలియదు. తెలియని బరువు తెలిసినదానికన్నా ఎక్కువ నలుపుతుంది. నాలుగోది మీ ప్రేమే, కానీ ఆరేళ్ళ పిల్ల 'స్నానం చేసేటప్పుడు కూడా చూస్తాడా?' అని ఆలోచిస్తుంది. ఐదోదాంట్లో 'ఎవరు ఏమన్నా' అన్న ఆ ఎవరు ఎవరో అల్లుడుగారికి చదవగానే అర్థమవుతుంది.

మీరు చెప్పదలచుకున్నదే ఇలా ఉండొచ్చు:

'చిట్టితల్లీ, నేను రోజూ పొద్దున్నే లేచి పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంటాను. అప్పుడు దేవుడు నా పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది. ఒక్కోరోజు ఉండదు, అయినా కూర్చుంటాను. నువ్వు పుట్టినప్పటి నుంచి ఆ పది నిమిషాల్లో నీ పేరు కూడా తలుచుకుంటున్నాను. నిజం చెప్పడానికి నీకెప్పుడూ భయం వేయకూడదని నా ఆశ. నువ్వు నాలాగే నమ్మినా, అమ్మలాగో నాన్నలాగో ఇంకోలాగో నమ్మినా, నువ్వంటే నాకు ఇంతే ఇష్టం.'

'పది నిమిషాలు' దగ్గర మీ అసలు లెక్క వేయండి. మీరు ఐదే కూర్చుంటే ఐదే రాయండి, అమ్మమ్మకి అసలు లెక్క తెలుసు.

పాతకాగితం:

తెలుగు చదవలేకపోవడం గురించి. ఉత్తరం పూర్తయ్యాక అదే ఉత్తరాన్ని మీ గొంతుతో చదివి రికార్డు చేయండి. చదవడం రాకపోయినా వినడం రావచ్చు, వినడం కూడా రాకపోతే ఎవరైనా విని మార్చి చెప్పగలరు. చేతిరాత కన్నా గొంతు నుంచి మార్చడం తేలిక, ఎందుకంటే కొట్టివేతలు, వత్తులు కలిసిపోయిన చోట్లు ఉండవు. వాక్యాలు చిన్నవిగా ఉంచండి, సామెతలు తగ్గించండి. భాష మారితే ముందు చచ్చేది సామెతే.

చదివేటప్పుడు మొదట తేదీ, తర్వాత మీ పూర్తి పేరు, పిల్ల పూర్తి పేరు, మీ ఇద్దరి వరస చెప్పండి. 'తాతయ్య' అని మాత్రం అంటే యాభై ఏళ్ళ తర్వాత వినేవాళ్ళకి ఏ తాతయ్యో తెలియదు. ప్రతి పేజీ మొదట్లో 'ఒకటో పేజీ', 'రెండో పేజీ' అని చదవండి, కాగితం పట్టుకుని వింటున్నవాళ్ళకి చోటు తప్పదు. తప్పు చదివితే రికార్డింగు ఆపేయకండి, మూడు సెకన్లు ఆగి ఆ వాక్యం మళ్ళీ చదవండి. కవరు మీద బయటే రికార్డింగు ఫైలు పేరు, అది ఎవరి దగ్గర ఉందో పెన్సిలుతో రాయండి. ఫైలు చోటు మారినప్పుడల్లా తుడిచి మార్చుకోవచ్చు.